మాటల మూట: ఓడెక్కి వెళ్ళి వచ్చిన గిడ్డంగి

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చాలా భాగం మన ఉద్యోగ మిత్రులవే. పోయిన నెల మాత్రం మన క్వార్టర్సులో ఉంటూ ఏడవ తరగతి చదువుతున్న ఒక చిరంజీవి, నోటు పుస్తకంలోని కాగితం మీద నాలుగు పంక్తులు రాసి పంపినది. "మా నాన్నగారు గోడౌనులో పని చేస్తారు. ఇంగ్లీషులో గో అంటే వెళ్ళు, డౌన్ అంటే కిందికి. కాని మా నాన్నగారి గోడౌను కింద లేదు. నాలుగు మెట్లు ఎక్కితేగాని లోపలికి వెళ్ళలేము. మరి ఆ పేరు ఎందుకు పెట్టారు?"

ప్రశ్న చిన్నదే అయినా సమాధానం చిన్నది కాదు. మన సంస్థలో ప్రతిరోజూ వందసార్లు వినబడే ఈ మాటను గురించి మనలో ఎంతమందిమి ఒక్కసారైనా ఆలోచించాము? ఇండెంటు మీద, గేటు పాసు మీద, తాళపు చెవుల బోర్డు మీద ‘గోడౌన్’ అని రాసి సంతకాలు చేస్తూనే ఉన్నాము. అది ఇంగ్లీషు మాటేనని అందరమూ అనుకుంటున్నాము. ఈ నెల మూటలో నుంచి ఆ మాటనే బయటకు తీస్తున్నాను.

ముందుగా ఆ చిరంజీవి సందేహం తీర్చాలి. ‘గో’, ‘డౌన్’ అనే రెండు ఇంగ్లీషు మాటలకూ ‘గోడౌన్’కూ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. మన దేశానికి వచ్చిన ఇంగ్లీషువారు ఒక తూర్పు దేశపు మాటను విన్నారు. అది వారి చెవికి ‘గో డౌన్’ వలె తోచినది, అట్లాగే రాసుకున్నారు. సరుకు నిలవచేసే గదులు తరచు ఇంటి కింది అంతస్తులోనే ఉండటం వల్ల, కిందికి దిగి వెళతాము గనుక ఆ పేరు వచ్చినదని నమ్మినవారూ ఉన్నారు. తెలియని మాటకు తెలిసిన అర్థం అతికించుకోవడం మానవ స్వభావం. ఈ పని మనమూ చేస్తాము, వారూ చేశారు.

మరి వారు విన్న మాట ఏది? దీనికి సమాధానం వెదకిన వారిలో ముఖ్యులు హెన్రీ యూల్, ఆర్థర్ కోక్ బర్నెల్ అనే ఇద్దరు బ్రిటిషువారు. యూల్ సైన్యంలో ఇంజనీరు. బర్నెల్ మద్రాసు రాజధానిలో న్యాయాధికారిగా పనిచేసిన సంస్కృత పండితుడు. మన దేశంలోని ఇంగ్లీషువారి వాడుకలో చేరిన వేలాది మాటలకు మూలాలు వెదకి వీరు కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువు 1886లో అచ్చయినది. అది వెలువడేనాటికి బర్నెల్ జీవించి లేరు. ఆ గ్రంథం ఈ మాటను మలయా దేశంతో ముడిపెట్టి, అక్కడితో ఆగక దక్షిణ భారతదేశానికి తీసుకువచ్చినది. తెలుగులో ‘గిడంగి’ లేక ‘గిడ్డంగి’, తమిళంలో ‘కిడంగు’ అనేవి దీనికి మూలమని ఆ పండితులు నిర్ణయించారు.

అంటే పాఠకులారా, మనం ఇంగ్లీషు అనుకుని గౌరవంగా వాడుతున్న మాట మన పెరటిలో మొలిచినదే! మన గిడ్డంగి ఓడెక్కి, సముద్రాలు దాటి, వేషం మార్చుకుని తిరిగి మన వాకిట్లోకి వచ్చినది. మనమేమో దానిని గుర్తుపట్టక కుర్చీ వేసి కూర్చోబెట్టాము.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ మాట తెలుగువారిదే అని జబ్బలు చరచుకోవడం తగదు. తమిళం నుంచే వెళ్ళినదని చెప్పే నిఘంటువులు ఉన్నాయి. మలయా దాకా వెళ్ళనక్కరలేకుండానే మన తీరంలోనే పోర్చుగీసువారు నేరుగా దీనిని విని ఉండవచ్చునని తలచేవారూ ఉన్నారు. దారి ఏదైనా, మూలం ద్రావిడ భాషలలో ఉన్నదనే విషయంలో మాత్రం పెద్దగా భేదాభిప్రాయం లేదు. అది అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. పంచుకోవడానికి వీలులేనిది, పంచుకోనక్కరలేనిది.

దీని ధాతువు మరింత ఆసక్తికరమైనది. తమిళంలో ‘కిడ’ అంటే పడి ఉండు, పడుకొని ఉండు అని అర్థం. మలయాళంలో పడుకొనే పరుపును ‘కిడక్క’ అంటారు. అది కూడా ఈ కుటుంబంలోనిదే. కాబట్టి కిడంగు అన్నా, గిడ్డంగి అన్నా సరుకు పడి ఉండే చోటు. మరొక విధంగా చెప్పాలంటే సరుకుల పడకగది.

సరుకు పడుకోవలసిన అవసరం ఏమి వచ్చినది? దీనికి జవాబు గాలిలో ఉన్నది. ఆవిరి యంత్రాలు లేని కాలంలో ఓడలు ఋతుపవనాలను నమ్ముకుని నడిచేవి. మన తీరం నుంచి తూర్పు దీవులకు వెళ్ళిన ఓడ, గాలి ఎదురు తిరిగేదాకా వెనుకకు రాలేదు. మలయా తీరంలోని మలక్కా రేవు సరిగా ఈ గాలులు కలిసే చోట ఉన్నది. పడమటి నుంచి వచ్చిన వర్తకుడు తన బట్టలను దింపి, చైనా నుంచీ మసాలా దీవుల నుంచీ వచ్చే ఓడల కోసం నెలల తరబడి వేచి ఉండేవాడు. మనిషి ఎక్కడైనా తలదాచుకోగలడు. లవంగాలు, జాజికాయలు, జాపత్రి, చందనం, నూలు బట్టలు ఎక్కడ తలదాచుకోవాలి? పైగా ఆ పట్టణపు ఇండ్లు చాలావరకు కొయ్యతో కట్టి ఆకులు కప్పినవి. ఒక నిప్పురవ్వ పడితే వీధులకు వీధులే బూడిద. అందుచేత వర్తకులు సరుకుల కొరకు మాత్రం గట్టి రాతి కట్టడాలు కట్టుకున్నారు. 1511లో పోర్చుగీసువారు మలక్కాను పట్టుకున్న సంగతిని వర్ణించిన వారి చరిత్రకారులు ఈ కట్టడాలను ప్రస్తావించారు. పోర్చుగీసు నోట ఆ మాట ‘గుదావ్’ అయినది. తరువాత ఇంగ్లీషువారి నోట గోడౌన్ అయినది.

మలయా, ఇండోనేషియా భాషలలో నేటికీ సరుకుల కొట్టును ‘గుదాంగ్’ అంటారు. ఇండోనేషియాలో పెద్ద కట్టడాన్ని ‘గెదుంగ్’ అనడం కూడా దీనికి సంబంధించినదే. కొయ్య ఇండ్ల మధ్య రాతితో నిలిచిన కట్టడం సరుకుల కొట్టే గనుక, ఆ పేరే పక్కా భవనానికీ వర్తించినదని చెప్పవచ్చు. హిందీ, వంగ భాషలలోని గోదాం, గుదాం అనేవి నేరుగా దక్షిణాది నుంచి వెళ్ళినవి కావనీ, ఇంగ్లీషువారి వాడుక నుంచి వచ్చినవనీ యూల్, బర్నెల్ పండితుల అభిప్రాయం. మన పల్లెలలో పెద్దలు అనే ‘గోదాము’ కూడా ఇట్లా చుట్టు తిరిగి వచ్చిన చుట్టమే.

తూర్పున ఈ మాట ఎంత దూరం వెళ్ళినదో చూడండి. నిఘంటువు అచ్చయిన 1886లోనే హాంకాంగులో రేవు పనులకూ సరుకుల నిలవకూ ఒక పెద్ద కంపెనీ ఏర్పడినది. దాని పేరులోనే ‘వార్ఫ్ అండ్ గోడౌన్’ అనే మాటలు ఉండేవి. సింగపూరు నదీతీరంలో ఒకనాడు బారులు తీరిన గోడౌన్ల ముందు సరుకు పడవలు క్రిక్కిరిసి ఉండేవి. 1983లో ఆ పడవలను అక్కడి నుంచి తరలించిన తరువాత, ఆ కట్టడాలలో అనేకం భోజనశాలలుగా మారిపోయాయి.

మాటలు ఒంటరిగా ప్రయాణం చేయవు. సరుకుతోపాటు, మనుషులతోపాటు ప్రయాణం చేస్తాయి. మన ఆంధ్ర తీరం నుంచి నూలు బట్టలు తూర్పు దీవులకు వెళ్ళి, అక్కడ మసాలా దినుసులకు మారకంగా చెల్లేవి. ఆ బట్టల కోసమే డచ్చివారు 1605లో మచిలీపట్నంలో వర్తక స్థానం పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. అంతకు చాలా ముందే, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి గొప్ప రేవుగా వర్ధిల్లినది. అక్కడ కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయ శాసనాన్ని వర్తక చరిత్ర చదివే ప్రతివారూ స్మరించవలసినదే. తుఫానుకు ఓడ చెడి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని సరుకునంతా పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నియమిత సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు మొదలైన వాటికి ఏ సుంకమో కూడా రాతి మీద చెక్కించాడు.

ఆ శాసనంలోని మర్మం నాకు ఈ విధంగా తోస్తున్నది. యజమాని దగ్గర లేనప్పుడు కూడా సరుకు యజమానిదే. ఈ ఒక్క నమ్మకం లేకపోతే ఎంత దళసరి గోడలు కట్టినా అది గిడ్డంగి కాదు.

నిలవచేసే చోటుకు మన భాషలో పేర్లు తక్కువేమీ కాదు. ధాన్యానికి గాదె, గరిసె. నేలలో తవ్వితే పాతర. అంగడికి కొట్టు. దొరల ధాన్యానికి కొఠారు, ఇది సంస్కృతంలోని ‘కోష్ఠాగారం’ నుంచి వచ్చినది. ఉత్తరప్రదేశ్‌లోని సోహ్‌గౌరాలో దొరికిన అతి పురాతనమైన తామ్ర శాసనం ఇటువంటి కోష్ఠాగారాలను గురించే చెబుతున్నది. కరువు కాలం కొరకు ధాన్యం దాచే ఏర్పాటు అది. కౌటిల్యుని అర్థశాస్త్రం కోష్ఠాగారాధ్యక్షునికి ఒక అధ్యాయమే కేటాయించినది. నిలవలో సగం ప్రజల ఆపద కొరకు విడిగా ఉంచవలెననీ, కొత్తది రాగానే పాతదానిని తీసి వాడవలెననీ అందులో విధించారు. ముందు వచ్చినది ముందు పోవాలని మన స్టోర్సు శిక్షణ తరగతులలో చెప్పే పాఠం రెండువేల యేండ్లనాటిదని తెలిస్తే కొత్తగా చేరిన మిత్రులు ఆశ్చర్యపడతారేమో!

ఇక స్వవిషయం ఒకటి మనవి చేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వేరొక సంస్థ స్టోర్సులో సహాయకుడిని. ఒకనాడు ఒక పెద్ద పంపు ఆగిపోయినది. దానికి కావలసిన బేరింగు కోసం ఇండెంటు వచ్చినది. బిన్ కార్డు చూశాను. నిలవ సున్న. లేదని రాసి పంపించాను. బయటి నుంచి హెచ్చు ధరకు తెప్పించేసరికి రెండు రోజులు పట్టినది. ఆ రెండు రోజులూ పని నిలిచిపోయినది, కాంట్రాక్టు కూలీలకు కూలి లేకపోయినది. నాలుగు నెలల తరువాత నిలవల తనిఖీలో అదే బేరింగు పెట్టె చెదరకుండా, పక్క వరుసలో, పాత వాల్వుల వెనుక కనిపించినది. అది వచ్చిననాడు లెక్కను పొరపాటున వేరొక వస్తువు కార్డులో ఎక్కించినది నేనే. చేతిరాత నాదే, సంతకం నాదే.

మా స్టోర్‌కీపరు గారు పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దమనిషి. కేకలు వేస్తారని వణుకుతూ నిలబడ్డాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "చూడు నాయనా, సరుకు పడి ఉంటే చాలదు. పడి ఉన్నదని మనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే అది చెత్తకుప్పే" అన్నారు. తరువాత నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, పైఅధికారి ముందు పొరపాటు మా విభాగానిదని తానే చెప్పి తలవంచుకున్నారు. నా పేరు చెప్పలేదు. ఆ కూలీలలో ఒకాయన మరునాడు గేటు దగ్గర నన్ను చూసి ఎప్పటివలెనే నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం ఈనాటికీ నాకు బరువుగానే ఉన్నది.

‘కిడ’ అంటే పడి ఉండటమని చాలా కాలం తరువాత నిఘంటువులో చదివినప్పుడు నాకు మొదట స్ఫురించినది ఆ బేరింగు పెట్టె. మన భాషలో పడి ఉండటం రెండు విధాలు. మూలన పడినదీ, అటకెక్కినదీ అంటే మరచిపోయినదని అర్థం. భద్రంగా ఉన్నదంటే ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారని అర్థం. వస్తువు ఒకటే, చోటు ఒకటే. భేదమంతా కనిపెట్టుకుని ఉన్న మనిషిలో, అతడు రాసే లెక్కలో ఉన్నది.

కొట్టు లేని ఇంటి కథ కూడా నాకు తెలుసు. మా నాన్నగారు నాలుగు ఎకరాల సన్నకారు రైతు. నూర్పిళ్ళు అయిన నాడే కళ్ళంలో కాటా పెట్టించేవారు. రెండు మూడు నెలలు ఆగితే ధర పెరుగుతుందని ఆయనకు తెలియక కాదు. ధాన్యం దాచే చోటు లేదు, అప్పువాడు ఆగడు, మబ్బు పడితే గుండె దడ. ఒక యేడు మా అమ్మ, "పండించిన వారం మనమే, ధర చెప్పేది మాత్రం వారా?" అని అడిగినది. నాన్నగారు జవాబు చెప్పక తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

దేశమంతటా ఇటువంటి ఇండ్లను చూసిన మీదటనే, గ్రామీణ ఋణ పరిశీలన సంఘం 1954లో గిడ్డంగుల నిర్మాణాన్ని గట్టిగా సిఫారసు చేసినది. దానికి అనుగుణంగా 1956లో చట్టం వచ్చినది. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడ్డాయి. ఆహార ధాన్యాల సేకరణకూ నిలవకూ భారత ఆహార సంస్థ 1965లో పుట్టినది. గోడౌన్ అనే మాటే అందరి నోటా ఉన్న రోజులలో, తెలుగులో ఆ సంస్థలకు ‘గిడ్డంగుల సంస్థ’ అని పేరు పెట్టిన మహానుభావులెవరో గాని, వారికి చేతులెత్తి నమస్కరించాలి. దాదాపు మరుగున పడబోయిన మాట వారి వల్ల బోర్డుల మీద బ్రతికినది.

గిడ్డంగిలో ధాన్యం ఉంచిన రైతుకు ఒక రసీదు ఇస్తారు. ఆ కాగితాన్ని హామీగా పెట్టుకుని బ్యాంకు అప్పు ఇస్తుంది. అప్పువాడికి కొంత కట్టి, మంచి ధర వచ్చేదాకా రైతు ఆగవచ్చు. ఈ రసీదులకు చట్టబద్ధమైన విలువనూ, చేతులు మారే అవకాశాన్నీ కల్పిస్తూ 2007లో ఒక చట్టం చేశారు. అది 2010 నుంచి అమలులోకి వచ్చినది. 2017 నుంచి ఆ రసీదులు కంప్యూటరులోనే నమోదయ్యే ఏర్పాటు కూడా జరిగినది. అయితే చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి రైతుకూ ఆ వసతి అందినట్లు కాదు. ఊరికి దూరంగా ఉన్న గిడ్డంగికి పది బస్తాలు తోలే ఖర్చే చిన్న రైతుకు భారం. మోటుపల్లి రాతి మీది మాటకూ ఈ రసీదుకూ ఏడున్నర శతాబ్దాలకు పైగా దూరం ఉన్నా, రెండూ చెప్పేది ఒక్కటే. నీవు దగ్గర లేకపోయినా నీ సరుకు నీదే.

ఆ మాట నిలబెట్టేది మాత్రం కాగితం కాదు. బస్తాలు నేలకు తగలకుండా చెక్కబల్లలు పరిచే హమాలీ, గోడకూ వరుసకూ నడుమ మనిషి నడిచే దారి వదిలించే గుమాస్తా, ముక్కపురుగు పట్టకముందే మందు పెట్టించే సహాయకుడు, వానరాత్రి కప్పు కారుతున్నదేమోనని టార్చిలైటు పట్టుకుని తిరిగే కాపలాదారు, వీరే ఆ మాటను నిలబెడుతున్నారు. ‘గాదె కింది పందికొక్కు’ అనే సామెత ఉన్నది. కాపలా ఉండవలసినవాడే తినివేస్తే ఏమవుతుందో మన పూర్వులకు బాగా తెలుసు. మన విభాగాలలో అటువంటి వారి పేరు వెంటనే పదిమందికీ తెలుస్తుంది. నిజాయితీగా కాచినవారి పేరు మాత్రం పదవీ విరమణ సభనాడు గాని వినపడదు. అది మనందరి లోపం.

చివరగా, ఉత్తరం రాసిన చిరంజీవికి. అమ్మా, మీ నాన్నగారి గోడౌనుకు నాలుగు మెట్లు ఎందుకున్నాయో ఇప్పుడు చెబుతాను. లారీ వెనుక భాగం ఎంత ఎత్తున ఉంటుందో ఆ అరుగూ అంత ఎత్తున ఉంటే, బస్తాను దించి మళ్ళీ ఎత్తే పని లేకుండా నేరుగా లోపలికి మోయవచ్చు. వాననీరు, నేలచెమ్మ లోపలికి రావు. ఇది కిందికి వెళ్ళే చోటు కాదు, పైకి ఎక్కే చోటు. దాని అసలు పేరు గిడ్డంగి. ఈ సాయంత్రం మీ నాన్నగారు ఇంటికి రాగానే ఈ సంగతి నీవే చెప్పు. ఆయన పనిచేసే చోటి పేరు ఎన్ని సముద్రాలు తిరిగి వచ్చినదో విని ఆయన సంతోషిస్తారు.

పాఠకులకు ఒక విన్నపం. మీ మీ విభాగాలలో వాడుకలో ఉన్న మాటలను, ముఖ్యంగా మన హమాలీ సోదరులూ పాత మేస్త్రీలూ వాడే మాటలను రాసి పంపండి. వచ్చే నెల మూటలో ‘గోనె’ను విప్పుదాము. ఇంగ్లీషువారి ‘గన్నీ’కి అది దగ్గరి చుట్టమే.